ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే ఏది పట్టుకోవాలి?

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఉండే పేట బయటపెట్టవద్దని కోరారు కనుక వాటిని వదిలి, మిగతా సంగతిని కుదించి ఇస్తున్నాను.

ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. భర్త మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి మే నెల దాకా ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటుతుంది. అత్తగారు వీళ్లతోనే ఉంటారు; బడి నుంచి వచ్చిన పిల్లవాణ్ణి సాయంత్రం దాకా కనిపెట్టుకునేది ఆవిడే. బాబుకు ఆరేళ్లు నిండి ఎనిమిది నెలలు. బడులు తెరిచిన కొత్తలో కుంటడం మొదలుపెట్టాడు. మోకాలు నొప్పి అంటుంటే మోకాలికే ఎక్స్‌రే తీయించారు. ఏమీ లేదని చెప్పి కాల్షియం సిరప్ రాసిచ్చారు. నాలుగు నెలల తర్వాత మరొక డాక్టరు తుంటికి ఎక్స్‌రే తీయించినప్పుడు గానీ, అది పెర్తీస్ వ్యాధి అని తేలలేదు.

గుంటూరులో చూస్తున్న ఎముకల డాక్టరు, ఇప్పుడే ఆపరేషన్ వద్దు, పరుగులూ గెంతులూ మాన్పించి వ్యాయామం చేయిద్దాం, మూడు నెలలకోసారి ఎక్స్‌రే చూద్దాం అన్నారట. మనసు నిలవక విజయవాడలో పిల్లల ఎముకల నిపుణుడికి చూపిస్తే, తొడ ఎముక తల గిన్నెలో నుంచి పక్కకు జరుగుతోంది, ఎముక కోసి సరిచేయడం మంచిది అన్నారట. భర్త ఆపరేషన్‌కే మొగ్గుతున్నారు గానీ, సీజన్ అయ్యాక పెట్టుకుందాం అంటున్నారు. అత్తగారు పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టిద్దామంటున్నారు. మనవడు కోలుకుంటే ఇంద్రకీలాద్రి మెట్లన్నీ వాడిచేత నడిపించి ఎక్కిస్తానని దుర్గమ్మకు మొక్కుకున్నారు కూడా. ఈలోగా పిల్లవాడు కళ్లుగప్పి కిందికి దిగి క్రికెట్ ఆడుతున్నాడు. ఒక సాయంత్రం అలా పట్టుబడితే ఆమె కొట్టారు. ఆ రాత్రి వాడు, "అమ్మా, నేను కుంటోణ్ణా?" అని అడిగాడు. "ఏ డాక్టరు మాట వినాలి? ఉద్యోగం మానేసి వాడి వెంటే ఉండాలా? నెలల వయసులో వాణ్ణి ఎత్తుకుని అరుగు దిగుతూ ఒకసారి జారి పడ్డాను, ఇది దానివల్లేనా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మీరు చివర అడిగిన దానికి మొదట జవాబు చెబుతాను. మిగతావాటిని నిదానంగా ఆలోచించాలంటే ఆ బరువు ముందు దిగాలి. ఈ జబ్బు ఆ జారిపడటం వల్ల రాలేదు. పాలు చాలకపోవడం వల్లనో, కాల్షియం తగ్గడం వల్లనో కూడా రాలేదు. తొడ ఎముక పైభాగాన బంతిలాంటి తల ఉంటుంది. దానికి అందే రక్తం కొంతకాలం తగ్గిపోవడంతో ఆ భాగంలోని ఎముక చచ్చిపోతుంది. రక్తం ఎందుకు తగ్గుతుందో వైద్యశాస్త్రం ఇప్పటికీ తేల్చలేదు. 1910 ప్రాంతంలో అమెరికాలో లెగ్, ఫ్రాన్స్‌లో కాల్వే, జర్మనీలో పెర్తీస్ ఎవరికి వారుగా దీన్ని గుర్తించి రాశారు; అంతకుముందు ఇలాంటి పిల్లలను తుంటికి క్షయ వచ్చినవారిగానే లెక్కవేసేవారు. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లల్లో ఎక్కువగా వస్తుంది. ఒక ఆడపిల్లకు వస్తే నలుగురైదుగురు మగపిల్లలకు వస్తుంది. తుంటిలో పుట్టిన నొప్పి తొడలోనూ మోకాలిలోనూ తెలియడం ఈ జబ్బులో మామూలే కనుక, మోకాలి ఎక్స్‌రేతో నాలుగు నెలలు పోవడం కూడా మీ అశ్రద్ధ కాదు.

ఇక జబ్బు నడక. నేను డాక్టర్ని కాను. స్థిరపడిన విషయాలు మాత్రమే చెబుతాను, మీ బాబు ఎక్స్‌రే మీద చెప్పవలసింది దాన్ని చూసినవారే చెప్పాలి. చచ్చిన ఎముకను శరీరమే మెల్లగా కరిగించి తీసేస్తుంది. ఆ దశలో ఎక్స్‌రేలో తల ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. తర్వాత అదే చోట కొత్త ఎముక పుడుతుంది. మొత్తం రెండేళ్ల నుంచి నాలుగేళ్లు పడుతుంది. ఎముక మళ్లీ వస్తుందా రాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, తప్పకుండా వస్తుంది. ఏ ఆకారంలో వస్తుందన్నదే అసలు ప్రశ్న. ఇడ్లీ రేకు గుంటలో ఉన్నంత మేర పిండి గుండ్రంగా ఉడుకుతుంది, అంచు దాటి ఒలికిన మేర వంకరపోతుంది. మెత్తబడిన తొడ ఎముక తల విషయమూ అంతే: కటి ఎముకలోని గిన్నెలో ఒదిగి ఉంటే ఆ గిన్నె ఆకారాన్నే తీసుకుంటుంది, పక్కకు జరిగితే జరిగిన మేర చదునవుతుంది. తల గుండ్రంగా మానినవారు పెద్దయ్యాక అందరిలాగే తిరుగుతారు. బాగా చదునైనవారికి నడివయసులో కీలు అరిగి, మార్పిడి ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం ఉంటుంది.

ఇది తెలిస్తే మీ ఇద్దరు డాక్టర్ల మధ్య దూరం మీరు అనుకుంటున్నంత లేదని అర్థమవుతుంది. తలను గిన్నెలో ఉంచడమే ఇద్దరి ఉద్దేశమూ. కీలు బిగుసుకోకుండా చూసుకుంటూ వేచి చూస్తే అది లోపలే ఉంటుందని ఒకరి నమ్మకం, ఉండదని మరొకరి అంచనా. మీ బాబు వయసే ఈ తేడాకు తావిస్తోంది. ఆరేళ్ల లోపు మొదలైన పిల్లల్లో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తల బాగా మానుతుంది. ఎనిమిదేళ్లు దాటాక మొదలై, తల బయటి అంచు ఎత్తు మరీ కుంగిపోని పిల్లలకు ఆపరేషన్ మేలు చేసిందని 2004లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం చూపింది. ఆ అంచు ఎత్తు సగానికి పైగా కుంగినవారిలో ఏ పద్ధతీ పెద్దగా తేడా చూపలేదు. 2008లో నార్వే నుంచి వచ్చిన అధ్యయనమేమో, ఆరేళ్లు దాటిన పిల్లల్లో తల సగానికి పైగా దెబ్బతిన్నప్పుడు వ్యాయామం కంటే ఆపరేషన్ ఫలితమే మెరుగని చెప్పింది. కుంటడం మొదలైనప్పుడు మీ బాబుకు సరిగ్గా ఆరేళ్లు. ఇద్దరిలో ఒకరు తెలియనివారనో, మరొకరు డబ్బు కోసం చెబుతున్నారనో అనుకోవలసిన పని లేదు.

వేచి చూసే దారి పట్టుకుంటే, అది ఏమీ చేయకపోవడం అనుకోవద్దు. ఆ దారిలో భారమంతా ఇంటి మీద పడుతుంది. రోజూ వ్యాయామం జరగాలి, కాలు పక్కకు ఎంత తెరుచుకుంటోందో గమనిస్తూ ఉండాలి, ఎక్స్‌రే తేదీ ఒక్కటి కూడా తప్పకూడదు. కాలు తెరుచుకోవడం తగ్గిపోతుంటే తల పక్కకు జరుగుతోందని అనుమానించి, తేదీ దాకా ఆగకుండా వెళ్లి చూపించాలి. కొందరు డాక్టర్లు మధ్యేమార్గంగా రెండు కాళ్లూ ఎడంగా ఉండేలా పిండికట్టో బెల్టో కొంతకాలం వేస్తారు. ఇది మీ బాబుకు పనికివస్తుందేమో ఇద్దరినీ అడగండి.

ఆపరేషన్ దారి పట్టుకుంటే, తొడ ఎముకను కోసి వంపు మార్చి ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు, లేదా పైనున్న గిన్నెను తల మీదికి వాల్చుతారు. సుమారు ఆరు వారాలు ఆ కాలు మీద బరువు మోపనివ్వరు. తొడ ఎముక వంపు మారిస్తే ఆ కాలు కొద్దిగా పొట్టి కావచ్చు, కొన్నాళ్లు కుంటు మిగలవచ్చు, ప్లేటు తీయడానికి తర్వాత మరో చిన్న ఆపరేషన్ ఉంటుంది. మరొకటి మీవారికి ముందే చెప్పండి: ఆపరేషన్ అయిన మర్నాటితో జబ్బు పోదు. ఎముక మానడానికి పట్టే కాలం ఎటూ పడుతుంది. తల లోపల ఒదిగి మానేలా చూడటమే దాని పని.

కాబట్టి నేనైతే ఇలా చేయమంటాను. రెండు చోట్లా వేర్వేరు రోజుల్లో తీసిన ఫిల్ములతో పోల్చుకోవద్దు. ఇప్పుడు కొత్తగా రెండు ఎక్స్‌రేలు, రెండు తుంటి కీళ్లూ కనబడేలా ఒకటి, కప్ప కాళ్లలా మోకాళ్లు తెరిచి ఒకటి తీయించి, అదే జతను ఇద్దరికీ చూపించండి. జబ్బు ఏ దశలో ఉంది, బయటి అంచు ఎత్తు ఎంత మిగిలింది, తల ఎంత మేర బయటికి వచ్చింది, మత్తు ఇచ్చి కీలులో రంగు మందు ఎక్కించి చూస్తే ఇంకేమైనా తెలుస్తుందా అని అడిగి, వాళ్ల జవాబులు కాగితం మీద రాసుకోండి. సికిల్ సెల్ అనే రక్తకణాల జబ్బు, థైరాయిడ్ లాంటి కారణాలు, క్షయ లేవని రూఢి చేసుకున్నారా అని కూడా అడగండి. అప్పటికీ మాటలు కలవకపోతే మంగళగిరి ఎయిమ్స్‌లోనో, గుంటూరు జనరల్ ఆసుపత్రిలోనో ఎముకల విభాగంలో మూడో అభిప్రాయం తీసుకోవచ్చు. ఆపరేషనే అని తేలితే, తేదీ ఖాయం చేసుకోకముందే ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తుందేమో ఆసుపత్రి సహాయ కేంద్రంలో కనుక్కోండి. ముందస్తు అనుమతి లేకుండా చేయించుకుంటే తర్వాత ఆ ఖర్చు రాబట్టుకోవడం కష్టం.

సీజన్ అయ్యాక అన్న మీవారి మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. కర్ణాటక పడమటి తీరంలో ఈ జబ్బు ఎక్కువ. అక్కడి మణిపాల్ డాక్టర్లు ఏళ్ల తరబడి చూసి తేల్చినదేమంటే, తొడ ఎముక వంపు మార్చే ఆపరేషన్ చేసేట్టయితే, తల ముక్కలయ్యే దశ ముదరక ముందే చేయాలని. ఆ గడువు దాటాక చేసినదానికి అంత ఫలం ఉండదు. రాత్రికి రాత్రే తేల్చవలసిన అత్యవసరం కాదిది, కొన్ని వారాలు ఆలోచించుకోవచ్చు. కానీ మే నెల అన్నది యార్డు చెప్పిన గడువు, ఎముక చెప్పినది కాదు. సీజన్‌లో సెలవు అడిగితే యజమాని ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. డాక్టరు ముందు ఒక్క గంట కూర్చోవడానికైనా ఆయన రావాలి. మీరు విని వచ్చి చెప్పే మాట ఆయనకు అభిప్రాయంలా వినబడుతుంది. అదే మాట ఫిల్మును వెలుగుకు పెట్టి డాక్టరు చెబితే వేరుగా వినబడుతుంది.

అత్తగారి సంగతి మీరు కోపంతో రాశారు. ఆవిడను కాదనడానికి ముందు ఒకటి గమనించండి: రోజులో ఎక్కువ గంటలు బాబు ఆవిడ చేతిలోనే ఉంటాడు, కనుక ఈ మూడు నాలుగేళ్లు ఆవిడ సాయం లేకుండా గడవవు. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచడానికి కట్టు కడతారు. ఇక్కడ విరిగింది ఏమీ లేదు, కీలు కదలికే బిడ్డకు కావాలి, బిగించి కడితే ఉన్న కదలిక పోతుంది. నొప్పిగా ఉన్న కీలును పట్టి మెలితిప్పడం ఇంకా చెడ్డది. ఈ మాట మీ నోటితో కాక డాక్టరు నోటితోనే ఆవిడకు చెప్పించండి, ఈసారి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. తొడ కండరాల మీద గోరువెచ్చని నూనె మృదువుగా రాస్తానంటే అభ్యంతరం లేదు. ఫిజియోథెరపిస్టు నేర్పిన వ్యాయామాలు, అంటే వెల్లకిలా పడుకుని మోకాళ్లు రెండూ పక్కలకు వాల్చడం, కాసేపు బోర్లా పడుకోవడం వంటివి, రోజూ చేయించే పని ఆవిడకు అప్పగించండి. కట్టు వద్దు, నూనె వద్దు, మొక్కు వద్దు అంటూ పోతే ఆవిడకు చేయడానికి ఏమీ మిగలదు. అప్పుడే చాటుగా పుత్తూరు బస్సెక్కుతారు. రోజూ పెడుతున్నారని మీరు రాసిన సున్నుండలు మాత్రం తగ్గించమనండి. ఆట తగ్గిన పిల్లవాడు బరువు పెరిగితే ఆ బరువంతా ఆ కీలు మీదే పడుతుంది. గుడ్డు, పాలు, పప్పు, ఆకుకూర చాలు. మొక్కు గురించి బెంగ అక్కర్లేదు. కోలుకున్నాక అనే కదా మొక్కారు. ఈలోగా అమ్మవారిని చూడాలనిపిస్తే ఘాట్ రోడ్డు మీదుగా వెళ్లి రండి, మెట్లు తర్వాత ఎక్కవచ్చు.

ఇప్పుడు మీ బాబు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ సేపు ఆపింది వాడడిగిన ప్రశ్నే. కొట్టిన చేతిని తలచుకుని మీరు బాధపడుతున్నారు. ఆ బాధను వాడికి ఒక మాటగా చెప్పండి, "భయపడి కొట్టాను నాన్నా, అది తప్పు" అని. తర్వాత వాడి ప్రశ్నకు నిజం చెప్పండి. "నీ కాలి పైన ఒక ఎముక ఇప్పుడు మెత్తగా అయింది. మళ్లీ గట్టిపడుతోంది. గట్టిపడేదాకా గెంతితే అది నొక్కుకుపోతుంది. అందుకే కుంటుతున్నావు, నువ్వు చేసిన తప్పేమీ లేదు." ఆరేళ్లు దాటిన పిల్లవాడికి ఇది అర్థమవుతుంది. పది రోజుల్లో తగ్గిపోతుందని మాత్రం చెప్పకండి. పదకొండో రోజు వాడు మీ మాట నమ్మడం మానేస్తాడు.

ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఒకప్పుడు నెలలూ ఏళ్లూ మంచాన పడుకోబెట్టేవారు. ఇప్పుడు అలా చేయడం లేదు. వద్దనేవి కొన్నే: పరుగు, గెంతు, ఎత్తు నుంచి దూకడం. మీ డాక్టరు ఒప్పుకుంటే ఈత కొట్టవచ్చు, సైకిలు తొక్కవచ్చు. చాలామంది డాక్టర్లు ఈ రెండింటినీ ప్రోత్సహిస్తారు కూడా. కాబట్టి వద్దనే జాబితా చిన్నదిగా, మారకుండా ఉండనివ్వండి. ఇంట్లో ముగ్గురూ అదే చెప్పండి. నాయనమ్మ దగ్గర ఒక రూలు, నాన్న దగ్గర ఒక రూలు అయితే వాడు రెండింటినీ దాటుతాడు. క్రికెట్టును పూర్తిగా లాక్కోకండి. స్కోరు రాయడం, అంపైరుగా నిలబడటం, కుర్చీలో కూర్చుని బౌలింగ్ వేయడం వాడికి పరువు తక్కువ కాకుండా ఏర్పాటు చేయాలంటే, కింద ఆడే పెద్ద పిల్లల్లో ఒకరిద్దరితో మీరే మాట్లాడాలి. కుంటోడా అని పిలిచేవాళ్లలో సగం మంది, విషయం చెబితే, వాడికి కాపలా కాసేవాళ్లవుతారు. అయినా వాడు ఎప్పుడో ఒకసారి పరిగెత్తుతాడు. ఒక్క పరుగుతో ఎముక పాడైపోదు. పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టండి, అంతే.

బడిలో తరగతి గది మేడ మీద ఉంటే కిందికి మార్చమని, వీపు మీద పుస్తకాల బరువు తగ్గించమని, పీటీ గంటలో ఏమి చేయవచ్చో ఏమి చేయకూడదో డాక్టరు రాసిచ్చిన చీటీతో సహా అడగండి. మీరు టీచరు కనుక, ఇలాంటి కోరిక నోటిమాటగా చెబితే వారంలో మరుగున పడుతుందని, కాగితం మీద ఉంటే నిలుస్తుందని మీకు తెలిసే ఉంటుంది.

ఒక జాగ్రత్త. సాయంత్రాలు నొప్పి పెరగడం, తెల్లారి తగ్గడం ఈ జబ్బులో ఉండేదే. దానికి డాక్టరు చెప్పిన నొప్పి మందు, చెప్పిన మోతాదులోనే, ఏదైనా తిన్నాక ఇవ్వండి. జ్వరంతో పాటు కాలు అసలు కింద పెట్టలేకపోతే మాత్రం దీన్ని పాత జబ్బు ఖాతాలో వేయకుండా అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లండి. కీలులో చీము పట్టినా అలాగే ఉంటుంది, దానికి ఆలస్యం పనికిరాదు.

ఉద్యోగం మానేయాలా అన్నారు. మానేస్తే సాయంత్రాలు మీరు దగ్గరుంటారు, వ్యాయామం తప్పదు. కానీ మీ జీతం ఆగిపోతుంది, జబ్బు మాత్రం మూడేళ్లు నడుస్తుంది. రోజంతా ఒక్క పిల్లవాడి కాలు మీదే చూపు పెట్టుకుని కూర్చుంటే, కొట్టిన ఆ సాయంత్రం లాంటివి తగ్గుతాయో పెరుగుతాయో ఆలోచించండి. నా ఉద్దేశంలో ఇప్పుడు రాజీనామా అక్కర్లేదు. ఆపరేషన్ అయితే బరువు మోపకూడని ఆ వారాలకు సెలవు అడగండి, అంతకాలం ఇవ్వలేమంటే జీతం లేని సెలవైనా అడగండి. ఆపరేషన్ లేకపోతే, సాయంత్రం చివరి పీరియడు మరొకరికి మార్చుకునే వీలుందేమో హెడ్మాస్టరును అడిగి చూడండి. ఈ రెండూ కాదన్నప్పుడు రాజీనామా గురించి మీవారితో కూర్చుని లెక్క వేసుకోవచ్చు. కొత్త ఎక్స్‌రే తర్వాత డాక్టర్లు ఏమన్నారో నాకు రాయండి. మీరు రాసుకున్న ఆ జవాబుల కాగితం నకలు కూడా పంపితే, మీకు అర్థం కాని మాటలు ఏవైనా ఉంటే విడమర్చి చెబుతాను.